కొండలు కడలిని తాకే చోట

ఆంధ్ర తీరంలో చాలా భాగం బల్లపరుపు నేల. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి చేలు, చేపల చెరువులు దాటుకుని పోతే తప్ప సముద్రం కనపడదు. విశాఖపట్నం దగ్గర మాత్రం తూర్పు కనుమల పాయలు నీటి అంచుదాకా దిగివస్తాయి. ఇసుక తీరం, అడవి, ఓడరేవు, మ్యూజియాలు అన్నీ ఇక్కడ పక్కపక్కనే ఉండటానికి మూలం ఆ కొండలే. కరీబియన్ తీరాలకు యాత్రికులు వెళ్లేది కూడా ఇలాంటి కలయిక కోసమే. ఆ మాటకొస్తే అక్షాంశం కూడా దాదాపు ఒకటే. హైదరాబాద్ పాతబస్తీలోని ఉప్పుగూడ, విశాఖ, బెలీజ్ నగరం, జమైకా రాజధాని కింగ్‌స్టన్, నాలుగూ 17, 18 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్యే ఉన్నాయి.

తేడా అల్లా నీటి రంగులో. కరీబియన్ దీవుల్లో పెద్ద నదులు లేవు, పగడపు దిబ్బలున్నాయి. అందుకే అక్కడ నీరు తేటగా, చాలాచోట్ల ఇసుక తెల్లగా ఉంటుంది. బంగాళాఖాతంలోకి గంగ నుంచి గోదావరి దాకా మహానదులన్నీ ఒండ్రు మోసుకొస్తాయి. విశాఖ ఇసుక కొండరాళ్లు అరిగి వచ్చింది. భీమిలి వైపు అల వెనక్కి తగ్గిన చోట వంగి చూస్తే ఇసుక మీద నల్లటి చారలు, వాటి పక్కనే ముదురు ఎరుపు చారలు కనిపిస్తాయి. నల్లనిది ఇల్మనైట్, ఎర్రనిది గార్నెట్. మామూలు ఇసుక కన్నా బరువైన ఖనిజాలు కావడంతో అల తేలిక రేణువులను ఊడ్చుకుపోయి వీటిని వదిలేస్తుంది.

నగరానికి దక్షిణాన సముద్రంలోకి చొచ్చుకుపోయిన డాల్ఫిన్ నోస్ కొండ అలలకు అడ్డుగోడ. దాని చాటునే రేవు వెలిసింది, 1933లో ఓడల రాకపోకలు మొదలయ్యాయి. రేవు ఉన్నచోటికి యుద్ధమూ వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. అప్పుడు పడి పేలకుండా మిగిలిన బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. పాత డచ్చి బంగళాలో 1991లో తెరిచిన ఈ మ్యూజియాన్ని చాలామంది చూడకుండానే దాటిపోతారు. జనమంతా జలాంతర్గామి దగ్గరే.

ఆ ఆకర్షణ అర్థం లేనిది కాదు. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో భారత నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ కుర్సురా 2001లో విధుల నుంచి విరమించింది. దాన్ని రామకృష్ణా బీచ్ ఒడ్డుకు లాగి, 2002లో మ్యూజియంగా తెరిచారు. పొడవు 91 మీటర్లు దాటినా లోపల నడవ మనిషి వెనక మనిషి నడిచేంతే. రెండు వైపులా పైపులు, కవాటాలు, మీటర్లు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తల వంచి, కాలెత్తి దాటాలి. టార్పెడోలకు చోటు పెట్టాక మిగిలిన సందుల్లో నావికుల పడకలు. సుమారు 75 మంది ఇందులో వారాల తరబడి ఎలా బతికారో ఏ బోర్డూ రాసి చెప్పనక్కర్లేదు. అడిగితే విడమరచి చెప్పడానికి నౌకాదళం నుంచి రిటైరైనవాళ్లే గైడ్లుగా ఉంటారు. రోడ్డుకు అవతల 2017లో తెరిచిన టీయూ-142 విమాన మ్యూజియం. సముద్రం మీద నిఘాకు వాడిన ఈ విమానానికి నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురు దిశల్లో తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు.

రామకృష్ణా బీచ్ సాయంత్రం మురీ మిక్చర్ తింటూ కూర్చోవడానికి బాగుంటుంది, ఈతకు పనికిరాదు. ఇక్కడి లోపలి ప్రవాహాలు ఈత వచ్చినవాళ్లను కూడా లాగేసుకున్నాయి. నీళ్లలో దిగాలనుకుంటే రుషికొండ మేలు, అదీ లైఫ్‌గార్డులు చూపిన హద్దుల్లోనే. 2020లో దీనికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు దక్కింది.

అక్కడి నుంచి భీమిలి రోడ్డులో తొట్లకొండ. 1976లో నౌకాదళం సర్వే చేస్తుండగా బయటపడ్డ ఈ బౌద్ధారామాన్ని 1988 తర్వాత తవ్వారు. రాతిలో తొలిచిన నీటి తొట్లు, భిక్షువుల గదుల పునాదులు, స్తూపాలతో పాటు శాతవాహన నాణేలు, రోమన్ నాణేలు దొరికాయి. రెండువేల ఏళ్ల కిందట ఈ తీరానికి ఎంతదూరం నుంచి సరుకు వచ్చేదో వాటిని బట్టి ఊహించవచ్చు.

ఇంకాస్త ముందుకు వెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లలో సముద్రమట్టం దిగినప్పుడు, పెరిగినప్పుడు గాలి పోగేసిన ఇసుక ఇనుము తుప్పుతో ఎర్రబారి, వాన నీటికి కోసుకుపోయి లోతైన సందులుగా మారింది. జాతీయ భూవారసత్వ స్థలమైనా దీని చుట్టూ కట్టడాలు పెరుగుతూనే ఉన్నాయి. చూడాలనుకునేవాళ్లు వాయిదా వేయకపోవడం మంచిది. దారి చివర భీమిలిలో (భీమునిపట్నంలో) డచ్చివాళ్ల సమాధులు.

అడవి కోసం దూరం పోనక్కర్లేదు. జాతీయ రహదారి పక్కనే కంబాలకొండ అభయారణ్యం సుమారు 71 చదరపు కిలోమీటర్లు, చిరుతలు కూడా ఉన్నాయి. అసలు కొండ అడవి మాత్రం అరకు దారిలోనే. భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తనీ నది పుట్టేది అటు అనంతగిరి కొండల్లో. బొర్రా గుహల సున్నపురాయిని కరిగించి తొలిచిందీ ఆ నీళ్లే. అరకులో గిరిజన మ్యూజియం చూసి, బొంగులో చికెన్ తిని రావడానికి ఒక రోజు పూర్తిగా కేటాయించాలి. ఉదయం వెళ్లి సాయంత్రం బీచ్‌కి వచ్చేద్దామనే లెక్క కుదరదు.

కరీబియన్‌కు హరికేన్లు ఎలాగో విశాఖకు తుపాన్లు అలాగ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరంలో, కొండల మీద లెక్కలేనన్ని చెట్లను కూల్చింది. అందుకే అక్టోబరు, నవంబరు నెలల్లో వాతావరణ సూచన చూసుకుని బయల్దేరాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చేవాళ్లకు ఒక మాట: విశాఖపట్నం–మహబూబ్‌నగర్ సూపర్‌ఫాస్ట్ రైలు ఉప్పుగూడ స్టేషన్ మీదుగానే పోతుంది కానీ అక్కడ ఆగదు. ఎంఎంటీఎస్‌లో కాచిగూడ చేరి ఎక్కితే తెల్లారేసరికి విశాఖ కొండల దగ్గర ఉండొచ్చు.