స్టాన్‌ఫర్డ్‌లో ఆ ‘జూనియర్’ ఎవరు?

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి స్టాన్‌ఫర్డ్ అంటే గూగుల్ మొలకెత్తిన చోటు. కానీ ఆ యూనివర్సిటీ పూర్తి పేరు ఇప్పటికీ ‘లీలాండ్ స్టాన్‌ఫర్డ్ జూనియర్ యూనివర్సిటీ’. ఆ జూనియర్ పదహారేళ్లైనా నిండకుండా పోయిన కుర్రాడు. వాళ్ల నాన్న ఒకప్పటి కాలిఫోర్నియా గవర్నర్.

నాన్న లీలాండ్ 1824లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. విస్కాన్సిన్‌లో లాయర్‌గా ప్రాక్టీసు పెడితే, 1852లో అగ్నిప్రమాదంలో లా పుస్తకాలన్నీ బూడిదయ్యాయి. కాలిఫోర్నియాలో ఉన్న అన్నదమ్ముల దగ్గరకెళ్లి, బంగారం తవ్వేవాళ్లకి సరుకులు అమ్మాడు. 1862లో గవర్నరయ్యాడు. ఆరోజు శాక్రమెంటో ఊరంతా వరద, ప్రమాణ స్వీకారానికి పడవలో వెళ్లాడు!

పదవి రెండేళ్లే. అసలు సంపద తెచ్చింది సెంట్రల్ పసిఫిక్ రైల్వే. నాకు మింగుడుపడనిది ఇక్కడే. గవర్నర్‌గా తొలి ప్రసంగంలోనే చైనీయుల వలసలు వద్దన్నాడు. తర్వాత ఆయన కంపెనీకి కొండలు తొలిచి పట్టాలు వేసింది వేలాదిమంది చైనా కూలీలే.

లీలాండ్, జేన్‌ల పెళ్లి 1850లో జరిగింది. పద్దెనిమిదేళ్లు ఎదురుచూశాక, 1868లో ఒక్కగానొక్క కొడుకు. 1884లో యూరప్ యాత్రలో ఉండగా ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో టైఫాయిడ్ ఆ పిల్లాణ్ని తీసుకుపోయింది. ఇక కాలిఫోర్నియా పిల్లలే మన పిల్లలు అనుకున్నారు ఆ అమ్మానాన్నలు. 1891లో యూనివర్సిటీ తెరుచుకుంది. అబ్బాయిలకీ అమ్మాయిలకీ ప్రవేశం, మొదట్లో ట్యూషన్ ఫీజు కూడా లేదు.

1893లో లీలాండ్ చనిపోయాడు. రైల్వేకి ఇచ్చిన అప్పుల కింద కోటిన్నర డాలర్లు రావాలంటూ కేంద్ర ప్రభుత్వం ఆయన ఆస్తిపై దావా వేసింది. ఆస్తి చిక్కుల్లో పడింది. కాలేజీ మూసేయమని సలహాలొచ్చినా జేన్ వినలేదు. పనివాళ్లని తగ్గించుకుని, ఇంటి ఖర్చుకి కోర్టు అనుమతించిన డబ్బుతోనే ప్రొఫెసర్లకి జీతాలిచ్చింది. 1896లో సుప్రీంకోర్టు ఆమె పక్షానే తీర్పు చెప్పింది. ఆ మరుసటేడు నగలు పట్టుకుని లండన్ వెళ్లింది గానీ, సరైన ధర పలకలేదు.

1905లో హోనొలులు హోటల్లో జేన్ చనిపోయింది. విషప్రయోగమేనని అక్కడి విచారణ తేల్చింది. యూనివర్సిటీ అధ్యక్షుడు మాత్రం గుండెజబ్బన్నాడు. విషం పెట్టిందెవరో నేటికీ తేలలేదు.

తన నగలు అమ్మి లైబ్రరీకి పుస్తకాలు కొనమన్నది ఆమె కోరిక. ఆమె పోయాక అలాగే చేశారు. ఆ నగల నిధితో అక్కడ ఇప్పటికీ పుస్తకాలు కొంటున్నారు.