కారు ఆల్టర్నేటరు (విప్పడం, తిరిగి బిగించడం)

ఆల్టర్నేటరు అనేది కారు ఇంజను తిరుగుతున్నపుడు విద్యుత్తును ఉత్పత్తి చేసే యంత్రం. ఇది ఇంజను నుండి బెల్టు ద్వారా యాంత్రిక శక్తిని గ్రహించి, దానిని విద్యుచ్ఛక్తిగా మారుస్తుంది. ఈ విద్యుత్తు దీపాలకు, హారనుకు, వైపర్లకు మరియు ఇగ్నిషన్ వ్యవస్థకు సరఫరా కావడమే కాక, బ్యాటరీని కూడా తిరిగి ఛార్జి చేస్తుంది. ఆల్టర్నేటరు చెడిపోయిన వెంటనే కారు ఆగిపోదు. బ్యాటరీలో నిలువ ఉన్న శక్తితో కొంత దూరం నడిచి, ఆ తరువాత ఆగుతుంది. ఈ కారణంగా లోపం ఆల్టర్నేటరుదైనా నింద బ్యాటరీ మీద పడుతుంది. కొత్త బ్యాటరీ కొని వేసిన కొద్ది రోజులకే అది కూడా దిగిపోవడం చాలామందికి ఎదురయ్యే అనుభవం.

సాధారణ పనిముట్లతో, తగిన జాగ్రత్తలతో ఆల్టర్నేటరును ఇంటివద్దనే విప్పి తిరిగి బిగించవచ్చు. విప్పడం, బిగించడం కష్టమైన పనులు కావు. లోపం ఎక్కడ ఉన్నదో ముందుగా నిర్ధారించుకొనడమే ఇందులో ప్రధానమైన పని. ఈ వ్యాసంలో 1983 నుండి 2014 వరకు తయారైన మారుతి 800 వంటి చిన్న పెట్రోలు కార్లను ఉదాహరణగా తీసుకొనడం జరిగింది.

చరిత్ర

1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రమే ఆల్టర్నేటరుకు ఆధారం. పూర్వపు కార్లలో ఇదే సూత్రంపై పనిచేసే డైనమో ఉండేది. డైనమోలో ఉత్పత్తి అయిన విద్యుత్తు మొత్తం కమ్యుటేటరు, బ్రష్షుల గుండా బయటకు రావలసి ఉండేది. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నపుడు దాని ఉత్పత్తి చాలా తక్కువ. సిలికాన్ డయోడ్లు చవకగా లభించడం మొదలైన తరువాత కార్లలో ఆల్టర్నేటరు వాడకం వ్యాపించింది. అమెరికాలో క్రైస్లర్ సంస్థ 1960 మోడలుగా విడుదల చేసిన వాలియంట్ కారు ఆల్టర్నేటరుతో పెద్ద సంఖ్యలో తయారైన తొలి కార్లలో ఒకటి. మనదేశంలో కొందరు మెకానిక్కులు ఆల్టర్నేటరును ఇప్పటికీ డైనమో అనే వ్యవహరిస్తారు.

నిర్మాణం, పనిచేసే విధానం

ఆల్టర్నేటరులో ముఖ్యమైన భాగాలు ఇవి:

* రోటరు: పుల్లీతో పాటు తిరిగే భాగం. దీనిలోని తీగచుట్టకు కొద్దిపాటి విద్యుత్తును పంపినపుడు అది విద్యుదయస్కాంతంగా మారుతుంది.
* కార్బన్ బ్రష్షులు, స్లిప్ రింగులు: తిరుగుతున్న రోటరుకు విద్యుత్తును అందజేస్తాయి. వీటి గుండా కొద్ది ఆంపియర్లు మాత్రమే ప్రవహిస్తాయి.
* స్టేటరు: కదలకుండా ఉండే మూడు తీగచుట్టల సముదాయం. రోటరు తిరిగినపుడు వీటిలో ఏకాంతర విద్యుత్తు పుడుతుంది.
* డయోడ్లు: ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మారుస్తాయి. సాధారణంగా ఇవి ఆరు ఉంటాయి.
* ఓల్టేజి రెగ్యులేటరు: రోటరుకు పోయే విద్యుత్తును హెచ్చించి, తగ్గించి ఓల్టేజిని అదుపులో ఉంచుతుంది.

మారుతి 800 వంటి కార్లలో ఆల్టర్నేటరును తిప్పే బెల్టే వాటరు పంపును కూడా తిప్పుతుంది. ఇది గుర్తుంచుకొనవలసిన విషయం. ఇటువంటి కారులో బెల్టు తెగినచో ఛార్జింగు ఆగడమే కాక ఇంజనులో నీటి ప్రసరణ కూడా ఆగిపోతుంది. కనుక ప్రయాణంలో ఛార్జింగు దీపం వెలిగినపుడు కారును ప్రక్కకు తీసి, ఇంజను ఆపి, బెల్టు ఉన్నదో లేదో చూడాలి. బెల్టు లేకుండా ముందుకు నడిపితే ఇంజను వేడెక్కి, ఆల్టర్నేటరు ఖరీదుకు ఎన్నో రెట్లు నష్టం కలుగుతుంది.

బెల్టు సరిగా ఉండి, ఆల్టర్నేటరు మాత్రమే చెడిపోయినచో కారు ఎంతసేపు నడుస్తుందో ఉజ్జాయింపుగా లెక్కించవచ్చు. 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ నిండుగా ఉన్నదనుకొందాం. రాత్రివేళ 55 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిసి సుమారు 9 ఆంపియర్లు తీసుకుంటాయి. మిగిలిన వ్యవస్థలతో కలిపి మొత్తం వాడకం 20 ఆంపియర్లు అయినచో, లెక్క ప్రకారం వచ్చే సమయం గంటా ముప్పావు. ఓల్టేజి క్రమంగా పడిపోతుంది కాబట్టి ఆచరణలో అంతసేపు నడవదు. పగటివేళ దీపాలు, ఫ్యాను ఆపి నడిపితే మరికొంత దూరం పోవచ్చు.

లోప లక్షణాలు

* ఇంజను నడుస్తుండగా డాష్‌బోర్డుపై బ్యాటరీ గుర్తు గల దీపం వెలుగుతూ ఉండడం.
* హెడ్‌లైట్ల కాంతి మసకబారడం, లేదా ఇంజను వేగంతో పాటు కాంతి పెరిగి తగ్గుతుండడం.
* ఉదయం పూట సెల్ఫ్ అందుకోకపోవడం.
* బెల్టు కీచుమని అరవడం. ఇది సాధారణంగా బెల్టు వదులైనదనడానికి సూచన.
* ఆల్టర్నేటరు నుండి గరగర శబ్దం రావడం. ఇది బేరింగు అరిగినదనడానికి సూచన.
* రాత్రంతా నిలిపి ఉంచిన కారులో ఆల్టర్నేటరు తాకితే వెచ్చగా ఉండడం. డయోడు చెడిపోయి బ్యాటరీ నుండి విద్యుత్తు వెనుకకు పారుతున్నదని దీని అర్థం.

లోప నిర్ధారణ

పైలక్షణాలలో చాలావరకు బెల్టు వలన, వదులైన తీగ వలన, పాత బ్యాటరీ వలన కూడా కలుగుతాయి. కాబట్టి ఒక్క బోల్టునైనా విప్పకముందే ఒక సాధారణ మల్టీమీటరుతో క్రింది పరీక్షలు చేయాలి.

1. ఇంజను ఆపి కొన్ని గంటలు గడచిన తరువాత బ్యాటరీ రెండు టెర్మినల్స్ మధ్య ఓల్టేజిని కొలవాలి. మంచి స్థితిలో ఉన్న బ్యాటరీ 12.4 నుండి 12.7 ఓల్టుల వరకు చూపుతుంది.
2. ఇంజను నడుపుతూ అదే చోట తిరిగి కొలవాలి. ఆల్టర్నేటరు సరిగా పనిచేస్తున్నచో సుమారు 13.5 నుండి 14.5 ఓల్టులు ఉంటుంది. మొదటి కొలత కంటె ఏమాత్రం పెరగకపోతే ఛార్జింగు జరగడం లేదన్నమాట. 15 ఓల్టులు దాటినచో రెగ్యులేటరు చెడినట్లు భావించాలి.
3. హెడ్‌లైట్లు, ఫ్యాను వేసి, ఇంజను వేగం కొంత పెంచి మరల కొలవాలి. ఓల్టేజి 13 కంటె దిగువకు పడిపోతే ఆల్టర్నేటరు బలహీనమైనదని గాని, బెల్టు జారుతున్నదని గాని గ్రహించాలి.
4. ఇదే స్థితిలో ఆల్టర్నేటరు వెనుక గల లావుపాటి తీగ టెర్మినల్‌కు, బ్యాటరీ పాజిటివ్‌కు మధ్య కొలవాలి. తేడా 0.3 ఓల్టులకు మించితే లోపం ఆల్టర్నేటరులో కాక తీగలోనో, దాని అతుకులోనో ఉండవచ్చు.
5. ఇంజను నడపకుండా తాళంచెవి తిప్పినపుడు ఛార్జింగు దీపం వెలగాలి. వెలగకపోతే ముందుగా ఆ బల్బును, దాని తీగను చూడాలి. పాత తరహా ఆల్టర్నేటర్లలో రోటరుకు ఆరంభపు విద్యుత్తు ఈ బల్బు గుండానే అందుతుంది. ఆ చిన్న బల్బు మాడిపోయినా ఛార్జింగు మొదలుకాకపోవచ్చు.

ఇటీవలి కార్లు కొన్నింటిలో ఓల్టేజిని ఇంజను కంప్యూటరు నియంత్రిస్తుంది. వాటిలో ఈ సంఖ్యలు కొంత హెచ్చుతగ్గులుగా ఉంటాయి కాబట్టి ఆయా కారు సర్వీసు పుస్తకాన్ని అనుసరించాలి. విద్యుత్ కార్లలో ఆల్టర్నేటరు ఉండదు. అధిక ఓల్టేజి గల హైబ్రిడ్, విద్యుత్ కార్ల తీగలను ఇంటివద్ద ముట్టుకొనరాదు.

కావలసిన పనిముట్లు

పానాల సెట్టు (సాధారణంగా 10, 12, 14 మిల్లీమీటర్లవి అవసరపడతాయి), స్క్రూడ్రైవరు, మల్టీమీటరు, తుప్పు వదిలించే నూనె, వైరు బ్రష్షు లేదా గరుకు కాగితం, బెల్టు బిగింపు సరిచేయడానికి సుత్తి చెక్కపిడి వంటి బలమైన కర్ర, చేతి తొడుగులు, కంటి అద్దాలు.

విప్పే విధానం

1. కారును చదునైన నేలపై నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను పూర్తిగా చల్లారనివ్వాలి. చేతికి ఉన్న ఉంగరాలు, లోహపు గడియారం తీసివేయాలి.
2. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్‌ను మొదట విప్పి, అది తిరిగి తగలకుండా ప్రక్కకు కట్టి ఉంచాలి. కారు శరీరమంతా నెగెటివ్‌తో కలిసి ఉంటుంది. పాజిటివ్‌ను ముందు విప్పబోతే పానా శరీరానికి తగిలి షార్టు అవుతుంది. నెగెటివ్‌ను ముందు విప్పినచో ఆ ప్రమాదం లేదు. ఆల్టర్నేటరు వెనుక ఉన్న లావుపాటి తీగలో ఇంజను ఆగి ఉన్నపుడు కూడా బ్యాటరీ విద్యుత్తు ఉంటుంది కాబట్టి ఈ మెట్టును ఎట్టి పరిస్థితిలోను విడువరాదు.
3. తీగలు ఎక్కడెక్కడ ఉన్నవో కాగితంపై గీసుకోవాలి, లేదా ఫోనుతో ఫోటో తీసుకోవాలి.
4. ప్లగ్గు నొక్కును అదిమి ఊడదీయాలి. తీగలను పట్టి లాగరాదు. తరువాత లావుపాటి తీగ నట్టును విప్పాలి.
5. ఆల్టర్నేటరును పొడవాటి గాడి గల ఒక పట్టీ, క్రింద ఒక పెద్ద బోల్టు పట్టి ఉంచుతాయి. రెండింటినీ వదులు చేసి, ఆల్టర్నేటరును ఇంజను వైపుకు నెట్టితే బెల్టు వదులవుతుంది. అప్పుడు బెల్టును పుల్లీ నుండి తప్పించాలి.
6. పట్టీ బోల్టును తీసివేసి, ఒక చేతితో ఆల్టర్నేటరును పట్టుకొని పెద్ద బోల్టును బయటకు తీయాలి. ఇది చూపుకు చిన్నదే గాని లోపల రాగి తీగ, ఇనుము ఉండడం వలన బరువైనది.

కొన్ని కార్లలో క్రింది నుండి పని చేయవలసి వస్తుంది. అట్టి సందర్భంలో జాకీని మాత్రమే నమ్మి కారు క్రిందకు పోరాదు. బరువు మోయగల స్టాండ్లను తప్పక ఉంచాలి.

విప్పిన తరువాత

పుల్లీని చేతితో తిప్పి చూడాలి. గరగరలాడినా, అటూ ఇటూ ఊగినా బేరింగులు మార్చాలి. బ్రష్షులు, బేరింగులు, రెగ్యులేటరు, డయోడ్ల ప్లేటు విడిగా దొరుకుతాయి. పట్టణాలలోని ఆటో ఎలక్ట్రీషియన్లు వీటిని మార్చి ఇవ్వగలరు. బ్రష్షులు అరగడం మాత్రమే లోపమైనచో కొత్త ఆల్టర్నేటరు కొనవలసిన అవసరం లేదు. కొత్తది కొన్నచో పాతదానిని ప్రక్కన పెట్టి పుల్లీ గాడులు, బోల్టు రంధ్రాల దూరం, ప్లగ్గు ఆకారం, ఆంపియర్ల సామర్థ్యం ఒకటే అవునో కాదో సరిచూడాలి.

తిరిగి బిగించే విధానం

1. తీగల చివరలను, బోల్టులు బిగించే చోట లోహాన్ని శుభ్రపరచాలి. ఆల్టర్నేటరుకు నెగెటివ్ ఈ బోల్టుల ద్వారానే అందుతుంది.
2. బెల్టు లోపలి వైపు పగుళ్లు, మెరుపు ఉన్నచో కొత్త బెల్టు వేయాలి.
3. పెద్ద బోల్టును, పట్టీ బోల్టును చేతితో బిగించి, బెల్టును అన్ని పుల్లీల గాడులలో సరిగా కూర్చోబెట్టాలి.
4. కర్రతో ఆల్టర్నేటరును ఇంజనుకు దూరంగా నెట్టిపట్టి పట్టీ బోల్టును, ఆపై పెద్ద బోల్టును బిగించాలి. కర్రను అల్యూమినియం తొడుగు అంచున గాని, గాలి రంధ్రాలలో గాని ఆనించరాదు.
5. రెండు పుల్లీల మధ్య పొడవైన భాగంలో బొటనవ్రేలితో గట్టిగా నొక్కితే బెల్టు సుమారు 6 నుండి 10 మిల్లీమీటర్లు దిగాలి. అంతకంటె వదులైతే జారుతుంది. మరీ బిగువైతే ఆల్టర్నేటరు, వాటరు పంపు బేరింగులు త్వరగా పోతాయి.
6. లావుపాటి తీగను, ప్లగ్గును కలిపి, రబ్బరు తొడుగు వేయాలి. పనిముట్లు ఇంజనులో ఉండిపోలేదని చూసుకొని, చివరగా బ్యాటరీ నెగెటివ్‌ను కలపాలి.

ఆ తరువాత ఇంజను నడిపి, నిర్ధారణ సమయంలో తీసిన కొలతలను తిరిగి తీయాలి. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని విడి ఛార్జరుతో ముందే నింపుట మంచిది. ఖాళీ బ్యాటరీని నింపే భారం కొత్త ఆల్టర్నేటరుపై పడితే అది అధికంగా వేడెక్కుతుంది. కొత్త బెల్టు కొద్ది రోజుల వాడకంలో సాగుతుంది కనుక బిగింపును మరొకసారి సరిచూడాలి.

చేయకూడని పనులు

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్‌ను ఊడదీసి, "ఇంజను ఆగలేదు కాబట్టి ఆల్టర్నేటరు మంచిదే" అని చెప్పే అలవాటు డైనమో కాలం నాటిది. ఆల్టర్నేటరు ఉన్న కారులో ఇలా చేస్తే ఓల్టేజి ఒక్కసారిగా అనేక రెట్లు పెరిగి డయోడ్లు, రెగ్యులేటరు, ఇంజను కంప్యూటరు దెబ్బతినవచ్చు. బాగున్న ఆల్టర్నేటరు కూడా ఈ పరీక్షతోనే చెడిపోగలదు. అదే విధంగా బ్యాటరీ తీగలను తారుమారుగా కలిపితే డయోడ్లు క్షణంలో కాలిపోతాయి. ఛార్జి అవుతున్న బ్యాటరీ నుండి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి దాని దగ్గర నిప్పు, నిప్పురవ్వలు ఉండరాదు. బ్యాటరీలోని గంధకామ్లం చర్మంపై పడినచో వెంటనే ఎక్కువ నీటితో కడగాలి. కంటిలో పడినచో కడుగుతూనే వైద్యుని వద్దకు తీసుకొని పోవాలి.