ముందు జాడ ఒకటి, వెనక జాడ ఒకటి

వాన వెలిసిన తరవాత మట్టి రోడ్డు మీద ఒక జీపు వెళ్ళిందనుకోండి. అది దాటిపోయాక నేల మీద ఎన్ని చారలు మిగులుతాయి? జీపుకి చక్రాలు నాలుగు గదా, చారలు కూడా నాలుగే ఉండాలి! కాని బండి తిన్నగా వెళ్ళిన చోట మీకు కనిపించేవి రెండే. ముందు చక్రాలు వేసిన జాడలోనే వెనక చక్రాలు కూడా నడిచాయన్నమాట. మలుపు దగ్గర మాత్రం వెనక చక్రాలు కాస్త లోపలికి జరిగి, వేరే జాడ వేస్తాయి. అక్కడ చారలు నాలుగవుతాయి. ఈసారి వాన పడినప్పుడు లెక్కపెట్టి చూడండి.

ఒకే ఇరుసు మీదున్న రెండు చక్రాల నడుమ దూరాన్ని, ఒక టైరు మధ్య గీత నుంచి రెండో టైరు మధ్య గీత వరకు కొలిస్తే వచ్చేదాన్ని, ఇంజనీర్లు 'ట్రాక్' అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో పేరు తెచ్చుకున్న విల్లీస్ జీపుకి ముందు ట్రాక్, వెనక ట్రాక్ సమానం. రెండూ సుమారు 49 అంగుళాలు. అందుకే తిన్నగా వెళ్ళేటప్పుడు దాని జాడలు ఒకదానిమీద ఒకటి పడతాయి.

అన్ని బండ్లూ ఇలా ఉండవు. 1955లో ఫ్రాన్సులో వచ్చిన సిట్రోయెన్ డి.ఎస్. కారుకి ముందు ట్రాక్ 1500 మి.మీ., వెనక ట్రాక్ 1300 మి.మీ. అంటే 200 మి.మీ. తేడా! అయినా అది చక్కని కారే. ఎందుకంటే అది నడిచేది గట్టి రోడ్డు మీద. గట్టి రోడ్డు మీద జాడ పడదు. జాడే లేనప్పుడు, వెనక చక్రం అందులో నడిచిందా లేదా అన్న ప్రశ్నే రాదు. మరి ఇసుకలోనూ బురదలోనూ నడవడానికే తయారయిన ఫోర్‌వీల్ డ్రైవ్ బండిలో ఇలాంటి తేడా వస్తే?

ఇంజను వెడల్పయింది

ఇది ఊహించి చెప్పే సంగతి కాదు. జపానుకి చెందిన టయోటా కంపెనీ 1984లో ల్యాండ్ క్రూయిజర్ 70 అనే బండ్లను విడుదల చేసింది. ఇంజను శక్తి నాలుగు చక్రాలకూ అందే బండ్లివి. ఆస్ట్రేలియాలోని పశువుల క్షేత్రాలలో, గనులలో, ఎడారి దారులలో వీటికి మంచి పేరుంది. 2007లో ఆస్ట్రేలియాలో అమ్మే ఈ బండ్లకి కొత్త ఇంజను పెట్టారు. అంతకు ముందున్న డీజిలు ఇంజనులో ఆరు సిలిండర్లు ఒకే వరుసలో నిలబడి ఉండేవి. కొత్తదానిలో సిలిండర్లు ఎనిమిది. అవి నాలుగేసి చొప్పున రెండు వరుసలుగా, చెరో పక్కకి వాలి ఉంటాయి. మీ రెండు అరచేతుల మణికట్లను ఆనించి, వేళ్ళను దూరంగా విప్పండి. ఇంజను ఆకారం అలా ఉంటుంది. ఒకే వరుస ఇంజను పొడవుగా, సన్నగా ఉంటే, ఇది పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది.

వెడల్పయిన ఇంజను పట్టాలంటే బండి ముందు భాగం కూడా వెడల్పు కావాలి. దానితోపాటు ముందు ట్రాక్ పెరిగింది. వెనక ఇరుసు మాత్రం అలా పెరగలేదు. ఫలితంగా వెనక ట్రాక్ ముందు ట్రాక్ కంటే 95 మి.మీ. తక్కువయింది. రెండు పక్కలా సమానంగా పంచితే ఒక్కో పక్క 47.5 మి.మీ. మన మూడు వేళ్ళ వెడల్పు కంటే ఎక్కువుండదు. ఇంత పెద్ద బండికి మూడు వేళ్ళ తేడా ఒక లెక్కా అనిపిస్తుంది.

ఇసుక లెక్క

మెత్తటి ఇసుకలో చక్రం ఏం చేస్తుందో చూద్దాం. అది ముందు ఇసుకలోకి దిగుతుంది. తరవాత ఎదురుగా ఉన్న ఇసుకను అణుస్తూ, పక్కకి నెడుతూ ముందుకు పోతుంది. ఇసుకను అణచడానికి పని జరగాలి. ఆ పనికి కావలసిన శక్తి ఇంజను నుంచే రావాలి. ఒకసారి అణిగిన ఇసుక కొంత గట్టిపడుతుంది. కనక అదే జాడలో వచ్చే రెండో చక్రానికి శ్రమ తగ్గుతుంది. మోకాలి లోతు బురదలో ముందు నడిచినవాడి అడుగుల్లో అడుగు వేస్తే మనకు నడక సులువయినట్టే.

మెత్తని నేల మీద చక్రాల నడకను శాస్త్రీయంగా పరిశీలించినవారిలో పోలండు నుంచి వచ్చిన ఎం. జి. బెక్కర్ ముఖ్యుడు. ఈ విషయం మీద ఆయన గ్రంథం 1956లో వెలువడింది. 1971లో అపోలో-15 వ్యోమగాములు చంద్రుడి ధూళి మీద నడిపిన నాలుగు చక్రాల బండి రూపకల్పనలో కూడా ఆయన పాలు పంచుకున్నాడు.

ఇప్పుడు లెక్క వేద్దాం. టైరు వెడల్పు 225 మి.మీ. అనుకోండి. వెనక టైరు 47.5 మి.మీ. లోపలికి జరిగి నడుస్తోంది. అంటే టైరు వెడల్పులో సుమారు అయిదో వంతు, ముందు చక్రం తాకని కొత్త ఇసుకను తొక్కుతోంది. రెండు వెనక చక్రాలూ ప్రతి మీటరులోనూ ఈ అదనపు పని చేయాలి. గట్టి రోడ్డు మీద లెక్కలోకి రాని మూడు వేళ్ళు, మైళ్ళకొద్దీ ఇసుకలో లెక్కకు వచ్చేది ఇలాగే.

గట్టిపడిన లోతు గాడులలో ఇంకో చిక్కుంది. ముందు చక్రాలు రెండూ గాడులలో సరిగా కూర్చున్నాయి. వెనక ఎడమ చక్రం కూడా తన గాడిలోకి జారిందనుకోండి. అప్పుడు వెనక కుడి చక్రం తన గాడి మధ్య నుంచి మొత్తం 95 మి.మీ. పక్కకి పోయి, గాడి గట్టును ఎక్కుతుంది. కాసేపటికి అది జారితే ఇది ఎక్కుతుంది. బండి తోక అటూ ఇటూ ఊగుతుంది.

మీరే ఒక పరీక్ష చేయవచ్చు. బడి ప్రయోగశాలలోని స్ప్రింగు త్రాసును ఒక బొమ్మ బండికి కట్టండి. బండిలో ఒక రాయి పెట్టి, పొడి ఇసుక మీద మెల్లగా, ఒకే వేగంతో లాగుతూ త్రాసు ఎంత చూపుతోందో రాసుకోండి. అదే జాడలో మళ్ళీ లాగండి. మూడోసారి చక్రాలు జాడకు సగం పక్కగా పడేలా లాగండి. మూడు అంకెలనూ పోల్చండి.

ఒరిగితే ఏమవుతుంది?

ట్రాక్‌తో ముడిపడిన మరో విషయం స్థిరత్వం. బండి పక్కకి ఒరిగినప్పుడు గరిమనాభి నుంచి కిందికి గీసిన నిలువు గీత చక్రాల లోపలే పడుతున్నంత వరకు బండి పడదు. ఆ గీత చక్రాలను దాటి బయట పడగానే బోల్తా కొడుతుంది. గరిమనాభి నేలకు 750 మి.మీ. ఎత్తున ఉందనుకుందాం. ట్రాక్ 1500 మి.మీ. అయితే, నిలిచి ఉన్న బండి 45 డిగ్రీలు ఒరిగే వరకు తట్టుకుంటుంది. ట్రాక్ 1400 మి.మీ. అయితే సుమారు 43 డిగ్రీలే. కదులుతున్న బండి, స్ప్రింగుల మీద ఊగే బండి ఇంకా ముందే పడవచ్చు.

ముందు, వెనక ట్రాక్‌లు వేరయితే లెక్క ఎలా? నాలుగు చక్రాలు నేలను తాకే బిందువులను కాగితం మీద కలపండి. ట్రాక్‌లు సమానమైతే దీర్ఘచతురస్రం వస్తుంది. కాకపోతే ట్రెపీజియం వస్తుంది. ఈ తేడాను చివరంటా పెంచుకుంటూ పోతే ఏమవుతుంది? ఒక చివర ట్రాక్ సున్నా అయి, త్రిభుజం మిగులుతుంది. అదే మన ఆటోరిక్షా! ముందు భాగంలో బరువెక్కువయిన ఆటో మలుపులో ఎందుకు భయపెడుతుందో ఇప్పుడు తెలిసింది గదా. బరువు త్రిభుజంలో ఇరుకు వైపుకి జరిగింది. ట్రెపీజియానికీ అదే సూత్రం. మనం చెప్పుకున్న బండిలో ఇరుకు భాగం వెనక ఉంది. సరుకులు వేసేది కూడా వెనకే. కనక అక్కడ బరువును వీలైనంత కిందుగా సర్దుకోవాలి.

బిళ్ళ పెడితే సరిపోతుందా?

వెనక చక్రానికీ ఇరుసు కొసకీ మధ్య ఒక లోహపు బిళ్ళ బిగిస్తే చక్రం బయటికి జరుగుతుంది, తేడా పోతుంది. సులువుగా ఉంది! కాని నేల చక్రాన్ని పైకి నెట్టే బలాన్ని భరించేది లోపలున్న బేరింగు. ఆ బలం 6000 న్యూటన్లు అనుకోండి. చక్రాన్ని 47.5 మి.మీ. బయటికి జరిపితే, ఇరుసును వంచడానికి చూసే బలభ్రామకం 285 న్యూటన్-మీటర్లు పెరుగుతుంది. గుంటలో పడిన ప్రతిసారీ ఇది ఎన్నో రెట్లవుతుంది. బేరింగు త్వరగా అరుగుతుంది. బిళ్ళ బోల్టులు వదులయితే చక్రమే ఊడిపోవచ్చు. అందుకే ఆస్ట్రేలియాలో కొన్ని వర్క్‌షాపులు బిళ్ళల జోలికి పోకుండా, వెనక ఇరుసునే వెడల్పయినదిగా మారుస్తాయి. ఖర్చు ఎక్కువే. కాని పెరిగిన వెడల్పుకు తగినట్టు బేరింగు కూడా బయటికి జరుగుతుంది.

మన ఊళ్ళలో కూడా జీపులకు అందం కోసం వెడల్పాటి టైర్లు వేయించి, వాటిని మడ్‌గార్డుల బయటికి తెచ్చేవారున్నారు. బేరింగు పడే బాధ ఇక్కడా అదే. పైగా ఆ టైర్లు చిమ్మే రాళ్ళు వెనక వచ్చే సైకిలు మనిషికి తగులుతాయి. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట చెప్పినవాటితో తేడా పడేలా బండిని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను చెబుతోంది. ఆ నిబంధన వెనకున్న భౌతికశాస్త్రం ఇప్పుడు మీకు తెలుసు.

ఇక మీకొక పని. ఒక టేపు తీసుకుని, ఆగి ఉన్న ట్రాక్టరు దగ్గరికి యజమానిని అడిగి వెళ్ళండి. దాని ముందు ట్రాక్, వెనక ట్రాక్ కొలవండి. చాలా ట్రాక్టర్లలో ఈ ట్రాక్‌లను కావలసినట్టు పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ ఏర్పాటు ఉంటుంది. ఆ ఏర్పాటు ఎందుకో చెప్పగలరా? జవాబు పుస్తకంలో వెతకనక్కరలేదు. ప్రత్తి చేలో సాళ్ళ మధ్య నిలబడి, సాలుకీ సాలుకీ మధ్య ఎంత దూరముందో కూడా కొలిచి చూడండి.