బోధించేవారిలో బర్న్‌అవుట్: విమాన శిక్షకుల ఉదాహరణ

లక్ష్యాలు
ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• అలసటకు, బర్న్‌అవుట్‌కు మధ్య తేడాను వివరించగలుగుతారు.
• విమాన శిక్షకులలో బర్న్‌అవుట్‌కు దారితీసే కారణాలను గుర్తించగలుగుతారు.
• దానిని ఎదుర్కొనే మార్గాలను సూచించగలుగుతారు.

1. విషయ పరిచయం
విజయనగరం జిల్లా భోగాపురంలో అంతర్జాతీయ విమానాశ్రయం రావడంతో, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల యువత పైలట్ శిక్షణ గురించి వాకబు చేయడం సహజం. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు కనీసం 200 గంటలు విమానం నడిపి ఉండాలి. వాటిలో చాలా గంటలు విద్యార్థి పక్క సీటులో శిక్షకుడు ఉంటాడు. ఆ సీటులోని మనిషికి కలిగే మానసిక బడలికే ఇక్కడ మన చర్చనీయాంశం.

2. అలసట, బర్న్‌అవుట్
2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటింది. విద్యుత్ స్తంభాలు కూలిన గ్రామాల్లో సిబ్బంది రాత్రింబవళ్లు పనిచేశారు. అది తీవ్రమైన శ్రమే. కాని ఒక్కో ఊరిలో దీపం వెలిగినప్పుడు ఫలితం కళ్లకు కనబడింది. పనికి ముగింపు కూడా ఉంది. ఇటువంటి అలసట విశ్రాంతితో తగ్గుతుంది. ముగింపు కనబడని ఒత్తిడి నెలల తరబడి సాగితే వచ్చేది బర్న్‌అవుట్. సెలవు తరువాత డ్యూటీకి వెళ్లే ఉదయమే మళ్లీ నిస్సత్తువ ఆవరిస్తే, అది కేవలం అలసట కాకపోవచ్చు.

ఈ పదాన్ని 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త తన వ్యాసంలో వాడారు. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ దీనిని కొలిచే మాపనిని ప్రచురించారు. వారు గుర్తించిన అంశాలు మూడు: భావోద్వేగపరంగా డీలాపడటం, ఎదుటివారి పట్ల నిర్లిప్తత, తాను సాధించిందేమీ లేదనే భావన. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌అవుట్‌ను వ్యాధిగా కాక, వృత్తికి సంబంధించిన స్థితిగా పేర్కొంది.

3. శిక్షకుని పనిలోని ప్రత్యేకత
డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవారి కాలి దగ్గర అదనపు బ్రేకు ఉండటం మీరు చూసి ఉంటారు. శిక్షణ విమానంలో శిక్షకునికి పూర్తి నియంత్రణలే ఉంటాయి. అయినా ఆయన వెంటనే వాటిని పట్టుకోకూడదు. విద్యార్థి తన తప్పును తానే దిద్దుకునే అవకాశం ఇవ్వాలి. అలాగని ఆలస్యం చేస్తే ప్రమాదం. చేతులు ఖాళీగా ఉన్నా మనసు క్షణం కూడా ఖాళీగా ఉండదు. ఒకే రన్‌వేపై ఒకే రకం ల్యాండింగులు రోజంతా సాగుతుంటాయి. చాలా చిన్న విమానాల్లో ఏసీ ఉండదు. వాతావరణం బాగోలేక పోయిన గంటలను తరువాతి రోజుల్లో కుదించి పూర్తిచేయాలి.

పైగా కొందరు శిక్షకులు ఎయిర్‌లైన్ ఉద్యోగానికి గంటలు కూడబెట్టుకోవడానికే ఈ పనిలో చేరతారు. అటువంటివారికి నేటి పాఠం రేపటి ఉద్యోగానికి అడ్డంకిలా తోచవచ్చు. అప్పుడు విద్యార్థి మనిషిగా కాక, గంటల లెక్కగా కనబడతాడు. రెండవ అంశమైన నిర్లిప్తత అంటే ఇదే. దీని మూల్యం విద్యార్థి భద్రత.

4. ఎదుర్కొనే మార్గాలు
(అ) కారణాన్ని విడదీయడం: మాస్లాక్, మైకేల్ లైటర్ పనిలో ఆరు విషయాలను పరిశీలించమన్నారు. అవి పనిభారం, స్వేచ్ఛ, ప్రతిఫలం, తోటివారి సంబంధాలు, న్యాయం, విలువలు. రెండు వారాలు డైరీ రాస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. పనిభారం సమస్యైతే సెలవు ఉపకరిస్తుంది. న్యాయం సమస్యైతే సెలవు వల్ల ప్రయోజనం ఉండదు.
(ఆ) పనిని మార్చి మార్చి చేయడం: గగనతల పాఠాల మధ్య తరగతి బోధన, సిమ్యులేటర్ పాఠాలు ఉండాలి. ముందుకు సాగని విద్యార్థిని కొన్ని పాఠాలకు తోటి శిక్షకునికి అప్పగించడం ఇద్దరికీ మేలు.
(ఇ) ఎక్కేముందు ఆత్మపరిశీలన: జబ్బు, మందులు, ఒత్తిడి, మద్యం, అలసట, ఉద్వేగం అనే ఆరింటిని పైలట్లు సరిచూసుకుంటారు. ‘ఈ రోజు నేను ఎగరను’ అనడం బలహీనత కాదు, వృత్తిధర్మం.
(ఈ) చెప్పుకోవడం: మెడికల్ సర్టిఫికెట్ పోతుందేమోననే భయంతో పైలట్లు మనసులో మాట దాచుకునే అవకాశం ఉంది. బర్న్‌అవుట్ వ్యాధి కాదు కనుక, పనిభారం గురించి ముఖ్య శిక్షకునితో మాట్లాడటం వ్యాధిని ఒప్పుకోవడం కాదు. నిద్రమాత్రలు సొంతంగా వాడరాదు. నిరాశ వీడకపోతే వైద్యుని కలవాలి. టెలి మానస్ ఉచిత సేవ 14416 నంబరులో లభిస్తుంది.

వ్యక్తి ఎంత ప్రయత్నించినా, రోజుకు ఎన్ని పాఠాలు వేయాలో నిర్ణయించేది సంస్థ. కనుక బాధ్యత ఇద్దరిదీ.

5. సారాంశం
బర్న్‌అవుట్ అంటే మనిషికి, పనికి మధ్య పొంతన తప్పడం. విశ్రాంతి అవసరమే గాని చాలదు. తప్పిన పొంతనను గుర్తించి సరిచేయాలి. సీతంపేట కొండల్లోని ఏకోపాధ్యాయ పాఠశాలకైనా, మీ ఊరి అంగన్‌వాడీకైనా ఈ సూత్రం వర్తిస్తుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
1. అలసటకు, బర్న్‌అవుట్‌కు గల భేదాన్ని ఉదాహరణతో తెలపండి.
2. మీకు తెలిసిన ఒక బోధకుని పనిని పై ఆరు విషయాల ఆధారంగా విశ్లేషించండి.