చూపు మసకబారిన ఇంట మిత్రుని బాధ్యత

నూజివీడు ప్రాంతంలో మామిడి కాపు దిగే వేసవి నెలల్లో ఎవరికీ తీరిక చిక్కదు. ఖుర్ఆన్ పారాయణంలో అక్షరాలు అలికినట్లున్నాయని తల్లి చెప్పినా, ‘కోతలు ముగిశాక చూద్దాం’ అని వాయిదా వేసే ఇళ్ళు ఎన్నో. రోగిని పరామర్శించటం ఒక ముస్లింపై తోటి ముస్లింకు గల హక్కుల్లో ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. ఎవరికో ఆపరేషన్ వికటించిందన్న కథ చెప్పి, ఆ ఇంటివారి భయాన్ని పెంచి రావటం పరామర్శ కాదు. మిత్రునికి సరైన సమాచారం, అవసరానికి తోడు కావాలి.

కారణాన్ని బట్టే చికిత్స

దూరపు వస్తువులు ఆనకపోవటం హ్రస్వదృష్టి. నలభై దాటాక దగ్గరి అక్షరాలు ఆనకపోవటం చత్వారం. రెండింటికీ కళ్ళద్దాలే సులువైన, సురక్షితమైన మార్గం. కాంటాక్ట్ లెన్సులను కుళాయి నీటితో కడగరాదు, పెట్టుకొని నిద్రించరాదు. లాసిక్ అనే లేజర్ చికిత్సకు 18 ఏళ్ళు నిండాలి, కనీసం ఏడాదిగా అద్దాల నెంబరు మారకుండా ఉండాలి, కార్నియా తగినంత మందంగా ఉండాలి. కనుక పదో తరగతి ముగించి నూజివీడు ట్రిపుల్ ఐటీలో చేరిన పిల్లలకు ఆ తొందర అవసరం లేదు.

పెద్దలకు వచ్చే శుక్లం చుక్కల మందుతో కరగదు. మసకబారిన కటకాన్ని తీసి కృత్రిమ కటకం అమర్చటమే దానికి చికిత్స. శుక్లం ‘ముదిరే’ వరకు ఆగనవసరం లేదు. నీటికాసుల వల్ల పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. అందువల్ల ముందే పరీక్ష చేయించాలి. మధుమేహం గలవారు ఏటా రెటీనా పరీక్ష చేయించుకోవాలి.

తోటలో సొన గానీ, పురుగుమందు గానీ కంట్లో పడితే వెంటనే శుభ్రమైన నీటితో పదిహేను నిమిషాలు కడిగి వైద్యుని వద్దకు వెళ్ళాలి. ఆకో, పుల్లో గీరుకుంటే నలపకూడదు, పసర్లు పోయకూడదు. ఆ గాయంలో బూజు చేరి కార్నియాపై పుండు పడే ప్రమాదం ఉంది.

వెంట నడవటమే అసలు సాయం

1987లో హైదరాబాదులో ప్రారంభమైన ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థకు విజయవాడలోనూ ఆసుపత్రి ఉంది. చెల్లించలేని వారికి అక్కడ ఉచిత చికిత్స లభిస్తుంది. మిత్రుని తల్లిదండ్రులను వెంటబెట్టుకొని వెళ్ళండి. ఏ కటకం వేస్తారు, ఖర్చెంత, చూపు ఎంతవరకు వస్తుంది, మళ్ళీ ఎప్పుడు రావాలి అన్న ప్రశ్నలు ముందే కాగితంపై రాసుకోండి.

శస్త్రచికిత్స తర్వాత కొన్నాళ్ళు వంగవద్దని, కంటికి నీరు తగలనీయవద్దని వైద్యులు చెబుతారు. సజ్దా చేయలేని రోగి కూర్చొని సైగతో నమాజు చేసుకునే వెసులుబాటు షరీఅత్‌లో ఉంది. వుజూ విషయం మీ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. కంట్లో మందు చుక్కలు వేసుకుంటే ఉపవాసం భంగం కాదని హనఫీ ఫిఖ్హ్ చెబుతోంది. కనుక రమజానులోనూ మందు ఆపనవసరం లేదు.

మిత్రుని కోసం దుఆ చేయండి. దానితోపాటు, అతను ఆసుపత్రికి వెళ్ళే రోజున అతని తోట కాపలా మీరు చూసుకోండి. చికిత్సను వాయిదా వేయటానికి ఆ ఇంట ఇక కారణం మిగలదు.