గెలాక్సీ సమూహాలలో వాయువు, ధూళి

గెలాక్సీ సమూహం అనగా గురుత్వాకర్షణ వలన కలిసియున్న వందల లేదా వేల గెలాక్సీల కూటమి. ఈ గెలాక్సీల నడుమ ప్రదేశం శూన్యం కాదు. కోట్ల డిగ్రీల ఉష్ణోగ్రత గల పలుచని వాయువుతో నిండి ఉంటుంది.

==కారణం==
సర్పిలాకార గెలాక్సీ ఈ వేడి వాయువులో సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు పైగా వేగంతో పయనించునపుడు, సైకిలు తొక్కేవారికి ఎదురుగాలి తగిలినట్లు, దానిపై పీడనం కలుగుతుంది. ఈ పీడనం వేడి వాయువు సాంద్రతకు, గెలాక్సీ వేగం యొక్క వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. జేమ్స్ గన్, రిచర్డ్ గాట్ 1972లో దీనిని వివరించారు. గురుత్వాకర్షణ పట్టు తక్కువగా ఉండే అంచులలోని హైడ్రోజన్, దానితోపాటు ధూళి ముందుగా కొట్టుకుపోతాయి. కేంద్రం వద్ద గల దట్టమైన మేఘాలు ఎక్కువకాలం నిలుస్తాయి. నక్షత్రాలపై ఈ పీడనం ప్రభావం దాదాపు ఉండదు.

==ఉదాహరణలు==
* ఎన్‌జీసీ 4402: కన్యారాశి సమూహంలోని ఈ గెలాక్సీలో ధూళి పొర విల్లువలె వంగి ఉండటం హబుల్ చిత్రాలలో కనిపిస్తుంది.
* ఈఎస్‌ఓ 137-001: నార్మా సమూహంలోని ఈ గెలాక్సీ నుండి ఊడిన వాయువు 2 లక్షల కాంతి సంవత్సరాలకు పైగా పొడవైన తోకగా ఏర్పడింది. ఆ తోకలో కూడా కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి.

==పర్యవసానం==
కొత్త నక్షత్రాలకు చల్లని వాయువే ముడిసరుకు. అది పోయిన గెలాక్సీలో నక్షత్ర జననం క్రమంగా ఆగిపోతుంది. స్వల్పాయువు గల నీలి నక్షత్రాలు నశించగా, దీర్ఘకాలం జీవించే ఎర్రని నక్షత్రాలు మిగులుతాయి. సమూహాల కేంద్ర భాగంలో సర్పిలాకార గెలాక్సీలు అరుదుగా ఉండటానికి గల కారణాలలో ఇది ఒకటి.