కపాలాస్థి నడిమి పొర

మానవ కపాలము పైకి ఱాతివలె గట్టిగా అగపడును. దాని పైకప్పు ఎముకలలో వెలుపల ఒకటి, లోపల ఒకటి గట్టి పలకలు గలవు; వాని నడుమ తేనెపట్టువలె గుల్లగానుండు పొర ఉండును. వైద్యులు దీనిని డిప్లోయీ అందురు. ఈ గుల్లలలోని ఎఱ్ఱని మజ్జ రక్తకణములను తయారుచేయును.

తీవ్రమైన తలసీమియా అను వంశపారంపర్య వ్యాధి సోకిన బిడ్డలో ఎఱ్ఱకణములు సరిగా రూపొందవు. లోటు తీర్చుటకై మజ్జ మితిమీరి పెరుగును. నడిమి పొర ఉబ్బును, వెలుపలి పలక పలుచబడును. ఎక్స్‌రే తీసినచో తలపై వెండ్రుకలు నిక్కబొడుచుకొన్నట్లు గీతలు కనిపించును. నుదురు, చెక్కిళ్ళు ఎత్తుగా పెరిగి బిడ్డ ముఖమే మారిపోవును. దీనిని దృష్టిదోషమనియో గ్రహచారమనియో తలచి కాలము గడుపుట తగదు. చిన్ననాటి నుండి క్రమముగా రక్తమెక్కించినచో ఈ మార్పు చాలవఱకు రాదు.

1947లో దేశవిభజనానంతరము ఢిల్లీలో స్థిరపడిన పంజాబీ, సింధీ కుటుంబములలో ఈ లక్షణమును మోయువారు హెచ్చు, తెలుగువారిలోను లేకపోలేదు. మోయువారికి సాధారణముగా ఏ బాధయు ఉండదు గనుక ఆ సంగతి తెలియదు. అట్టి ఇరువురు దంపతులైనచో ప్రతి కాన్పులోను వ్యాధి బిడ్డకు సంక్రమించుటకు నాలుగింట ఒక వంతు అవకాశము గలదు. హిమోగ్లోబిన్ ఎ2ను కొలుచు రక్తపరీక్షను వివాహమునకు ముందే, అది తప్పినచో గర్భము నిలిచిన తొలి మాసములలోనే, చేయించుకొనవలెను.